ఏరంటే నీళ్లు

సిరొంచ ఆసుపత్రి. రాత్రి డ్యూటీ.
ప్రాణహిత మీది గాలి
కిటికీ రెక్కని కొడుతూనే ఉంది.
నాలుగో మంచం మీద జుర్రీ
"ఏర్, ఏర్" అంటోంది.

ఏటికి పోతానంటోందేమో అనుకున్నా.
ఇంత రాత్రి ఏరేందమ్మా, పండుకో అన్నా.
తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి,
మూడోసారి జర గట్టిగా.
గొంతు పెంచితే భాష తెలుస్తుందని
మాకెవరు నేర్పారో.

గోడవార కూర్చున్న ఆమె అత్త లింగే
లేచొచ్చి, నా బల్ల మీది సీసా తీసి
మూత తిప్పరాక నా చేతికే ఇచ్చింది.
అప్పుడెరుకైంది.
మాకు ఏరంటే పారేది,
వాళ్లకు ఏరంటే తాగేది.
ఆ కాస్త తేడాలో
ఒక నిండు చూలాలు
గంటసేపు నాలుకెండి పడుంది.

కేస్ షీట్‌లో అప్పటికే రాసేశాను:
"పేషెంట్ సహకరించుట లేదు."

వెల్లకిలా పండుకోనంది. బల్లెక్కనంది.
ఈసారి నేను అరవలేదు.
మంచం పక్కన రబ్బరు గుడ్డ పరిచి
నేనూ గొంతుక్కూర్చున్నా.
తెల్లారగట్ల మూడింటికి
నా మోకాళ్ల మధ్యకి జారింది పిల్ల,
కోపంగా, నల్లగా, బతికి.

ఆ వెంటే నెత్తురు. ఆగని నెత్తురు.
డాక్టర్ వాఘ్‌మారే కాగితం చాపాడు:
"రక్త్ ద్యావం లాగేల్."
లింగే మొహం తిప్పుకుంది.
"రక్తం, అవ్వా, రక్తం" అన్నా నేను.
ఆమెకు అదీ ఇదీ ఒకటే చప్పుడు.
భయానికో ఏమో
నా నోట్లోంచి మా నాయనమ్మ మాట్లాడింది:
"నెత్తురు!"
గిర్రున తిరిగింది.
"నెత్తుర్?"
"ఆఁ, నెత్తుర్."

వెంటనే ఇంకో మాట: "బోనా?"
అది మా నాయనమ్మకూ రాదు.
వరండాలో నిద్రపోతున్న మల్లుబాయిని లేపుకొచ్చా.
వార్డులు ఊడుస్తది. రోజుకూలి.
ఆ కూలిలో ఆమె గోండికి
ఒక్క రూపాయి కట్టలేదు ఎవరూ.
"ఎవరిది అని అడుగుతోంది సిస్టర్.
ఏ ఇంటిది, ఎన్ని దేవుళ్ల ఇంటిది అని."

సంచీ మీద గ్రూపు ఉంది, నంబరు ఉంది,
ఎక్స్‌పైరీ తారీఖు ఉంది.
ఎవరిదో లేదు.
అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.
"తెల్వదని చెప్పు. ఇచ్చినోళ్లు పేరు చెప్పుకోలేదని చెప్పు."
లింగే చాలాసేపు సంచీని చూసింది,
చుట్టాన్ని చూసినట్టు.
ఏమనుకుందో నాకు తెలియదు.
బొటనవేలు ముందుకు చాపింది.

పొద్దున ఫ్యాను ఆపించాను,
పచ్చి బాలింత వణుకుతోందని.
పక్క మంచాలవాళ్లు తిట్టారు. తిట్టనీ.
మాయ కావాలంది లింగే,
ఇంటి దగ్గర పూడ్చాలట.
పసుపు సంచిలో వేయాలని రూలు.
మూత గట్టిగా ఉన్న డబ్బా వెతికిచ్చాను.
డాక్టరు గోడ మీది క్యాలెండరు చదివాడు,
ఆ నెల మొత్తం చదివాడు.

గడ్చిరోలిలో మాకు ఒకరోజు ట్రైనింగ్ ఇచ్చారు
"సంస్కృతుల పట్ల గౌరవం" అని.
సమోసా పెట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు,
లామినేషన్ కూడా చేయించాను.
దాంట్లో "బోనా" లేదు.

నన్ను మెచ్చుకోకండి.
మూడేళ్ల కింద ఇదే మంచం మీద
ఇంకొకామె. పేరు గుర్తులేదు, రాసుకోలేదు.
సూది గుచ్చడానికి అడ్డమని
మెళ్లో పూసల పేట్లు కత్తెరతో కత్తిరించాను.
గలగలా రాలాయి.
రాత్రికి రాత్రే వెళ్లిపోయింది,
చేతికి క్యాన్యులాతోనే,
అడవిలోకి.

అది ఎవరు తీశారో,
ఎట్లా తీశారో.
ఇప్పటికీ ఒక్కోసారి
మంచం కింద ఊడుస్తుంటే
మల్లుబాయి చీపురుకి
ఒక ఎర్రపూస తగుల్తుంది.
ఏమీ అనదు.
తెచ్చి నా బల్ల మీద పెట్టి పోతుంది.